నీళ్ళ మందు

మార్చి 9

ఈ పుస్తకం బుర్హోన్ కోసం మొదలుపెడుతున్నాను. అతను చదవడానికి కాదు. అతన్ని ఏం చేయాలనుకుంటున్నానో రోజులు గడిచేకొద్దీ నాలో చల్లారిపోకుండా ఉండటానికి. ఊరి గ్రంథాలయం మూతపడేదాకా పద్దెనిమిదేళ్ళు అందులో పనిచేశాను. రాసి పెట్టుకోని కోపం ఎంత తొందరగా చెదలు పట్టిపోతుందో నాకు తెలుసు.

ఈ ఏటి మొదటి పిడుదు ఇవాళ దొరికింది. మా పెద్దమేక నుక్రా చెవి మడతలో. ఇంకా నెత్తురు తాగలేదు, పలచగా ఉంది, కాళ్ళ మీద తెల్లటి చారలు. పట్టకారుతో తల మొదట్లో పట్టుకుని, నలపకుండా, నిదానంగా లాగాను. కిరసనాయిలు గిన్నెలో వేసి, అది కాళ్ళాడించడం ఆపేదాకా పక్కనే కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. పట్టనీ.

నా చెల్లెలు హంగోమా పోయి మే ఎనిమిదికి ఏడాది నిండుతుంది. ఆలోపల బుర్హోన్ ఈ ఊళ్ళో తలెత్తుకోలేకుండా చేయాలి.

మార్చి 10

నిన్న రాసింది మళ్ళీ చదివాను. ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు.

మార్చి 13

మా వీధిలోకి వచ్చాడు. వీపున మందు పంపు, కాళ్ళకు రబ్బరు బూట్లు. మేకలకు పిడుదు మందు పోసేవాడు ఈ లోయలో అతనొక్కడే కదా, రాజులా వస్తాడు.

"సవ్రిమో, ఈసారి తొందరగా వెచ్చబడింది. పిడుదులు ముందే లేస్తున్నాయి. బొచ్చు కత్తిరింపు అవగానే తొట్టి నింపుతా. నీ మేకల్ని తోలుకొస్తావా, మందు సీసా ఇంటికిమ్మంటావా?"

"నీ నీళ్ళు నీ దగ్గరే ఉంచుకో బుర్హోన్. మా వాగు ఇంకా ఎండిపోలేదు."

పక్కింటి తూతీ ఖోలా, ఊరందరికీ పిన్ని, గోడ మీంచి తల పెట్టింది. ఆవిడకు డెబ్భై దాటాయి కానీ, వీధిలో ఎవరైనా గొంతు పెంచితే ఆ తల అక్కడ మొలుస్తుంది.

"అయ్యోయ్! అకా అనడం కూడా మానేసింది చూడండి!"

"దొంగని అన్నా అని పిలవడం నాకు చేతకాదు ఖోలా."

బుర్హోన్ పంపు పట్టీ సర్దుకుని పోయాడు. జవాబు ఉన్నవాడైతే చెప్పేవాడు కదా.

మార్చి 16

హంగోమా దుప్పటి ఉతికి ఎండేశాను. మొగుళ్ళు పోయాక ఇద్దరం ఒకే కప్పు కిందికి చేరిన వాళ్ళం. పదకొండేళ్ళు ఒకే పొయ్యి, ఒకే మంద.

మొదటి రోజు తలనొప్పి అంది. రెండో రోజు కళ్ళు ఎర్రబడ్డాయి. ఊరి వైద్యశాలలో జలుబు మాత్రలిచ్చారు. నాలుగో రోజు చిగుళ్ళ నుంచి నెత్తురు. ఆరో రోజు చేతుల మీద నల్ల మల్బరీ పళ్ళు చిదిమినట్టు మచ్చలు. జిల్లా ఆసుపత్రిలో అద్దం అవతల పడుకోబెట్టారు, నన్ను ఇవతల నిలబెట్టారు. తొమ్మిదో రోజుకు అయిపోయింది. తెల్లటి బట్టలు, ముఖాలకు తొడుగులు వేసుకున్న మగవాళ్ళు ఎవరో సంచిలో చుట్టి, గుంటలో సున్నం చల్లి పూడ్చారు. నా చెల్లెలికి ఒళ్ళు కడిగే వంతు కూడా నాకు రాలేదు. జుట్టు దువ్వలేదు. ముఖం చూడలేదు.

పిడుదు జ్వరం అన్నాడు డాక్టరు. మేకకు ఏమీ కాదట. మనిషినే పట్టుకుంటుందట. ఆమె పిడుదుల్ని వేళ్ళతో చిదిమిందా అని అడిగాడు. మందు పోసిన మేకలండీ అన్నాను. మందు పోసిన మేకల మీద అన్ని పిడుదులు ఎందుకుంటాయి అన్నాడు.

ఎందుకుంటాయి? బుర్హోన్ ఇచ్చిన సీసాలో నీళ్ళున్నాయి కనక. నేను సరిగ్గానే కలిపాను. బకెట్టుకు రెండు మూతలు. రెండు మూతలు పోశాను.

మార్చి 21

నవ్రూజ్, కొత్త ఏడు పండగ. ఆడవాళ్ళందరం తూతీ ఖోలా పెరట్లో సుమనక్ పంచుకున్నాం. మొలకెత్తిన గోధుమ పాకం ఈసారి కాస్త మాడింది. అయినా అందరూ తియ్యగా ఉందన్నారు. పండగ రోజు అలాగే అంటారు.

అడగకుండానే చెప్పాను. బుర్హోన్ మందులో సగం నీళ్ళు కలుపుతాడని, సీసా మూత తీస్తే వాసనే రాలేదని, ఆ రోజు హంగోమా కూడా "ఇదేం మందు అపా, వాగు వాసన వస్తోంది" అందని. ఆడవాళ్ళు చెంపలు పట్టుకున్నారు. తూతీ ఖోలా ఒక్కతే నవ్వింది.

"పోయిన నెల చెప్పినప్పుడు ఈ వాగు వాసన లేదే! చెప్పిన ప్రతిసారీ కథకో కొత్త ముక్క అతికిస్తున్నావ్."

"దుఃఖంలో అన్నీ ఒకేసారి గుర్తొస్తాయా ఖోలా?"

"రావులే. మాకు మాత్రం ఆ తొట్టిలో ముంచితే పోయినేడు పిడుదులు తగ్గాయి మరి."

"తగ్గాయి. పోలేదు. నీ కోడలు చేతులతో ఏరుతుంది కదా, ఆ పిల్లకు ఏమన్నా అయితే అప్పుడు చూద్దువు గాని."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కోడలు రుఖ్సోరా వైపు చూసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, పళ్ళెం నాకుతోంది.

ఒక్క మాట. ఆ ఒక్క మాట చాలు. తూతీ ఖోలా ఇల్లు వెనక్కి తగ్గితే వీధంతా తగ్గుతుంది.

మార్చి 30

తగ్గింది.

ఏప్రిల్ 4

ఇవాళ మందు తొట్టి నింపాడు. ఈ చివర మేకలు దూకి, ఈదుకుంటూ ఆ చివర మెట్లెక్కే సిమెంటు కాలువ అది. ప్రతి ఏడూ పొద్దున్నించే మందలు వరసలో నిలబడేవి, కుక్కలు కొట్టుకునేవి.

నేను కదురు తీసుకుని తొట్టికి ఎదురుగా రాయి మీద కూర్చున్నాను. నోరు విప్పలేదు. ఊలు వడుకుతూ కూర్చున్నాను, అంతే. మలుపు తిరిగి వచ్చినవాళ్ళు ముందు తొట్టిని చూశారు, తరవాత నన్ను చూశారు, మందను వెనక్కి మళ్ళించుకున్నారు. మూడిళ్ళవాళ్ళు మాత్రం సిగ్గుపడుతూ మేకల్ని ముంచుకుని పోయారు.

మధ్యాహ్నానికి బుర్హోన్ ఒక్కడే మిగిలాడు. చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఆ తెల్లటి నీళ్ళలోకి చూస్తున్నాడు. నాకు రెండు కదుర్ల నూలు వచ్చింది. ఈ ఏడాదిలో ఇంత సన్నగా, ఇంత సమంగా ఎప్పుడూ వడకలేదు.

ఏప్రిల్ 6

బుర్హోన్ భార్య ఓయ్‌నిసో వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"సవ్రిమో, మా ఇంటికి ఎవరూ రావడం లేదు. నిన్న నా పుట్టినరోజు టీకి పిలిస్తే పక్కింటివాళ్ళు కూడా రాలేదు. ఆయన అన్నం ముట్టడం లేదు."

"మా హంగోమా కూడా ముట్టడం లేదు."

అటు నుంచి అటే వెళ్ళిపోయింది. ముందుగా అనుకోకుండానే వచ్చింది నోటికి ఆ మాట. తలుచుకుంటే ఇప్పటికీ బాగుంది.

ఏప్రిల్ 11

రెండు మూతలు పోశాను.

ఏప్రిల్ 15

మొన్న పట్నం వెళ్ళి అక్కడి పశువుల మందుల కొట్లో వేరే సీసా తెచ్చాను. నా మేకలకు నేను పోసుకోవాలి కదా. ఊరు ఏమన్నా కానీ.

మేకపిల్లల్ని ముందే వేరే కొట్టంలో కట్టేశాను. బకెట్టు నీళ్ళు పెట్టాను. ఒక మూత పోశాను. రెండో మూత నింపుతుంటే మందు పొంగి వేళ్ళ మీద ఒలికింది. మళ్ళీ నింపాను. పోశాను. చెవుల్లో, తోక కింద, ముందుకాళ్ళ సందుల్లో, పొదుగు పక్కన, పిడుదులు దాక్కునే చోట్లన్నీ తడిసేలా కొట్టాను. ఒళ్ళు ఆరేదాకా ఆగి, పొదుగులు తడిగుడ్డతో తుడిచి, అప్పుడు పిల్లల్ని పాలకు వదిలాను.

ఒక్క పిల్ల కూడా చావలేదు. ఇంత తేలికని ఎవరూ చెప్పలేదు.

బుర్హోన్ చెప్పి ఉండొచ్చు. నాకు గుర్తులేదు.

ఏప్రిల్ 18

ఎక్కడ కట్టేసినా నా మేకలు ప్రశాంతంగా నెమరు వేస్తున్నాయి. వీధిలో మిగతా మేకలన్నీ గోడలకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి.

ఏప్రిల్ 22

ఊళ్ళో ఎవరూ మాట్లాడకపోవడం అతనికి సరిపోదు. మందు లేకపోతే ఏమవుతుందో అతని ఒంటికి తెలియాలి. అందుకని జామ్ సీసా కడిగి, మూతికి పలచటి గుడ్డ కట్టి, తూతీ ఖోలా కొట్టంలోకి వెళ్ళాను. నా మేకల మీద లేవు కదా. వాళ్ళ మేకల మీద పిడుదులు ఎండు ద్రాక్షల్లా వేలాడుతున్నాయి. పట్టకారుతో ఏరి బతికుండగానే సీసాలో వేసుకున్నాను.

రుఖ్సోరా పక్కనే కూర్చుని మేకను దువ్వుతోంది.

"ఎందుకు ఖోలా అవి?"

"మందుకి."

"పిడుదులతో మందా? అయితే ఇది కూడా తీసుకోండి, ఇది బాగా బలిసింది." వేళ్ళతో గిల్లి తీసి నాకిచ్చింది. ఇంకోదాన్ని రాయి మీద పెట్టి బొటనవేలితో నొక్కింది. టప్పుమంది. పగలబడి నవ్వింది. "మా అత్తకి ఈ చప్పుడంటే అసహ్యం!"

ఆమె బొటనవేలు ఎర్రగా ఉంది. గోరు పక్కన చర్మం చీరుకుపోయి ఉంది. చెప్పాలనుకున్నాను. కానీ చేతులతో తీయొద్దని చెబితే, మరి మందు పోయించుకుందామా అని అడుగుతుంది. అప్పుడేం చెప్పాలి?

వేలు పావడాకు తుడుచుకుంది. నేను ఇంటికొచ్చాను.

ఏప్రిల్ 24

శుక్రవారం. మగవాళ్ళు మసీదుకు పోయే వేళ చూసి బుర్హోన్ ఇంటికి వెళ్ళాను. అతను రోజూ కూర్చునే గొర్రెతోలు మీద సీసా కుమ్మరించి రావాలని నా ఆలోచన.

అతను ఇంట్లోనే ఉన్నాడు. ఆ తోలు మీదే కూర్చుని మేక గిట్టలు చెక్కుతున్నాడు.

"మసీదుకు పోలేదా?" నా నోటికి అదే వచ్చింది.

"నా పక్కన ఎవరూ నిలబడటం లేదు. మధ్యలో ఖాళీ ఉంటే నమాజు వరస బాగోదు కదా." కత్తి కింద పెట్టాడు. "ఆ సీసాలో ఏంటి?"

"నీకోసమే తెచ్చాను."

లేచి వచ్చి సీసా తీసుకుని వెలుతురుకు పట్టుకున్నాడు. లోపల అవి గుడ్డ వైపు పాకుతున్నాయి.

"బాగానే ఏరావ్. నీ మేకలవి కావు ఇవి. నీ మేకలకి మందు పోశావ్, ఆ వాసన వీధి చివరిదాకా వచ్చింది. ఈసారి రెండు మూతలూ పోసినట్టున్నావ్."

"ఈసారి ఏంటి?"

"పోయినేడు ఒకటే పోశావ్ కదా."

"అబద్ధం."

"మీ గోడ దగ్గరే ఉన్నా సవ్రిమో. సీసా ఇచ్చి వెళ్తూ, మేకల్ని కట్టేశావో లేదో చూద్దామని తొంగి చూశా. ఒక మూత పోశావ్. రెండోది నింపావ్. కాసేపు పట్టుకుని నిలబడ్డావ్. మళ్ళీ సీసాలోకి వంచేశావ్."

నా చేతులు ఎక్కడున్నాయో నాకు తెలియలేదు.

"చూస్తే అప్పుడే అరవొచ్చు కదా!"

"మేనల్లుడి పెళ్ళి విందుకి ఆలస్యమవుతోంది. సాయంత్రం వచ్చి చెబుదాంలే అనుకున్నా. సాయంత్రం పలావు తిని పడుకున్నా. పొద్దున మర్చిపోయా. అంతే. ఇంకేం లేదు."

"ఏడాదిగా నోరెందుకు మూసుకున్నావ్ మరి? ఊళ్ళో వాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలి? అక్క కలిపిన మందుకి చెల్లెలు పోయిందనా? నన్ను తిట్టుకుంటూ అన్నా బతుకుతున్నావ్. ఆ తిట్టు లాగేస్తే ఏమవుతావో అనుకున్నా." సీసా గుడ్డ ముడి బిగించాడు. "చూసి కూడా నోరు మూసుకున్నవాణ్ణి. నాకూ కొంత రావాల్సిందే అనుకున్నా. ఇంత వస్తుందని అనుకోలేదు."

పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది. గుడ్డ మీంచే ఆ నీళ్ళు సీసాలో పోశాడు.

"నువ్వు ఇంటికి పో. సీసా కడిగి పంపిస్తా."

ఏప్రిల్ 25

అబద్ధం.

ఏప్రిల్ 26

అబద్ధమే. గోడ అవతలి నుంచి నేను బకెట్టు పెట్టే చోటు కనిపించదు. బయటికి వెళ్ళి, అతను నిలబడ్డానన్న చోట నిలబడి చూశాను.

కనిపిస్తుంది.

ఏప్రిల్ 27

ఒక మూత.

అంతకు ముందు ఏడు రెండు మూతలు పోశాం. ఒళ్ళు ఆరకుండానే పిల్లల్ని తల్లుల దగ్గరికి వదిలాం. తడి పొదుగులు కుడిచి మూడు పిల్లలు నురగ కక్కి చచ్చాయి. హంగోమా వాటిని ఒళ్ళో వేసుకుని సాయంత్రందాకా లేవలేదు. ఆరాక వదలండి అని బుర్హోన్ చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. మేమే వినలేదు. పోయినేడు రెండో మూత నింపినప్పుడు ఆ నురగే కళ్ళ ముందుకొచ్చింది. వంచేశాను.

హంగోమా పెరట్లోకి వచ్చి అడిగింది, "రెండూ పోశావా అపా?" అని.

"పోశాను. ఇంక చేతులతో దువ్వుకో, ఏం భయం లేదు" అన్నాను.

ఇన్ని రోజులు ఈ పుస్తకంలో ఆ మాట తప్ప అన్నీ రాశాను.

రుఖ్సోరా బొటనవేలు కళ్ళలో మెదులుతోంది. రేపు వెళ్ళి చెబుతాను.

ఏప్రిల్ 28

వాన. వెళ్ళలేదు.

ఏప్రిల్ 30

తూతీ ఖోలా కోడలికి తలనొప్పట. గోడ మీంచి చెప్పింది.

మే 1

తెల్లారగానే వెళ్ళాను. రుఖ్సోరా పరుపు మీద ముడుచుకుని ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. తూతీ ఖోలా మిరియాల శోర్బా చారు గిన్నెతో పక్కన కూర్చుంది.

"చలిగాలి తగిలింది. చెమట పడితే పోతుంది. నువ్వు గుమ్మానికి అడ్డం తప్పుకో, వెలుతురు రావడం లేదు."

"ఖోలా, ఆ పిల్ల కళ్ళు చూశావా?"

"నిద్రలేదు, ఎర్రబడ్డాయి."

"పళ్ళు చూపించమను."

"ఏంటే నువ్వు, సంతలో మేకను బేరమాడుతున్నావా?"

రుఖ్సోరా పెదవి తనే ఎత్తింది. చిగుళ్ళ అంచున సన్నటి ఎర్ర గీత. ఊరి వైద్యశాల అని తూతీ ఖోలా అంటూనే ఉంది. మాత్రలిచ్చి నాలుగు రోజులు పడుకోబెట్టే ఆ వైద్యశాల నాకు తెలుసు. ఈ వీధిలో బండి ఉన్నది బుర్హోన్‌కే.

పరిగెత్తాను. యాభై రెండేళ్ళ ఆడది తలగుడ్డ జారిపోతున్నా వీధిలో పరిగెడుతుంటే అందరూ చూశారు. ఓయ్‌నిసో గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు గుర్తొచ్చామా?"

"అవును" అన్నాను.

బుర్హోన్ లోపలి నుంచి తాళాలు పట్టుకుని వచ్చాడు. ఎవరికని కూడా అడగలేదు. నేను రబ్బరు తొడుగులు వేసుకుని రుఖ్సోరాను వెనక సీట్లో పడుకోబెట్టాను. తూతీ ఖోలా ముందు సీటెక్కింది. దారిలో ముక్కు నుంచి నెత్తురు మొదలైంది. గుడ్డ పట్టుకుని, ఒకటి తడిస్తే ఇంకోటి మారుస్తూ పోయాను. బుర్హోన్ అద్దంలోంచి ఒకసారి చూసి బండి వేగం పెంచాడు.

జిల్లా ఆసుపత్రిలో గుమ్మం దగ్గరే అరిచాను, "పిడుదు జ్వరం, ఇది రెండో రోజు, నా చెల్లెలు దీనితోనే పోయింది" అని. వెంటనే లోపలికి తీసుకుపోయారు.

డాక్టరు బయటికొచ్చి, "మీ ఊళ్ళో ఈ ఏడు మేకలకి మందు పోయించలేదా?" అన్నాడు.

"పోయించలేదయ్యా, అది ఉట్టి నీళ్ళ మందట" అంది తూతీ ఖోలా. ఏడుస్తూ నా వైపు చెయ్యి చూపింది. "ఈవిడే చెప్పింది. పాపం, ఈవిడ చెల్లెలు..."

బుర్హోన్ అక్కడే ఉన్నాడు. నేను గోడ మీదున్న కాగితం చదివాను. చేతులు సబ్బుతో ఎలా కడుక్కోవాలో రాసి ఉంది. మొత్తం చదివాను.

మే 4

మచ్చలు వచ్చాయట. తూతీ ఖోలా కొడుకు ఆసుపత్రి దగ్గరే ఉన్నాడు. ఆవిణ్ణి ఇల్లు కదలొద్దన్నారు, కొట్టంలోకి పోవద్దన్నారు. నర్సు పొద్దున, సాయంత్రం జ్వరం చూసి పోతోంది.

మే 7

రేపు హంగోమా సంవత్సరికం. బియ్యం, మాంసం, పచ్చి కారెట్లు వచ్చాయి. వీధంతా పిలిచాను. బుర్హోన్‌ను పిలవలేదు. పిలవడానికి కాళ్ళు రాలేదు.

మే 8

పెరట్లో ఆడవాళ్ళు, గేటు బయట మగవాళ్ళు. ముల్లా ప్రార్థన చదివాడు. పలావు వడ్డించారు. తూతీ ఖోలాకు గోడ మీంచి ఒక పళ్ళెం అందించాను. ఆవిడ స్టూలెక్కి గోడకు ఆనుకుని మమ్మల్నే చూస్తూ తింటోంది.

అందరూ నా భుజం తట్టారు. ఆ దొంగవల్ల నీ చెల్లెలు, ఇప్పుడు ఆ కోడలు పిల్ల అన్నారు. ఒకామె బుర్హోన్ ఇంటి తలుపుకు పేడ కొట్టామని చెప్పింది. పుణ్యం చేసినట్టు చెప్పింది.

లేచి నిలబడ్డాను.

"ఒక మాట వినండి. మందులో నీళ్ళు లేవు. మందు మంచిదే. నేను ఒక మూత తక్కువ పోశాను. హంగోమా అడిగితే సరిగ్గానే పోశానని అబద్ధం చెప్పాను. బుర్హోన్ అకా గురించి నేను చెప్పిందంతా అబద్ధం."

ఎవరో జాలిగా నాలుక చప్పరించారు. "దుఃఖంతో మతి చలించింది, పాపం. కూర్చో సవ్రిమో, కూర్చో."

"మతి సరిగ్గానే ఉంది!" గోడ అవతలికి, గేటు అవతలికి వినపడేలా అరిచాను. "వాగు వాసన కూడా నేను కల్పించిందే. ఇంకోటి వినండి. రెండు వారాల కిందట రుఖ్సోరా పిడుదును వేలితో చిదుముతుంటే పక్కనే ఉన్నాను. అది ఎంత ప్రమాదమో ఈ ఊళ్ళో నాకంటే ఎవరికి తెలుసు? చూశాను. నోరు మూసుకుని ఇంటికొచ్చాను."

పలావు తింటున్న చేతులు ఆగిపోయాయి. అప్పుడు గోడ మీంచి పళ్ళెం వచ్చింది. నా కాళ్ళ దగ్గర పడి పగిలింది. అన్నం, కారెట్లు నా పావడా మీద చిందాయి. తూతీ ఖోలా స్టూలు దిగింది. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

జనం ఒక్కొక్కరే లేచారు. గిన్నెలన్నీ నేనే కడిగాను.

మే 12

తొట్టి మళ్ళీ నింపారు. పొద్దున్నించే మందల చప్పుడు వినిపిస్తోంది. నేను వెళ్ళలేదు. ఊరంతా వెళ్ళింది. తూతీ ఖోలా మేకలు మాత్రం కొట్టంలోనే అరుస్తున్నాయి, తోలుకుపోయేవాళ్ళు లేరు.

సాయంత్రం బుర్హోన్ అకా గేటు దగ్గరికి వచ్చాడు. బూట్లకు ఇంకా మందు నురగ ఉంది.

"రేపు పోతున్నాం. ఓయ్‌నిసో పుట్టింటికి, కొండ అవతలికి."

"ఉండమని అడిగే మొహం నాకు లేదు."

"లేదు. అడక్కు." గేటు కమ్మీ పట్టుకున్నాడు. "ఇవాళ అందరూ నా చేతులు పట్టుకున్నారు, అకా, అకా అన్నారు. వీళ్ళే మొన్న నా తలుపుకి పేడ కొట్టారు. ఈ ఊళ్ళో నాకింక టీ కూడా దిగదు సవ్రిమో."

"నన్ను తిట్టి పో."

"తిట్టను. అదొక్కటి నీకివ్వను."

ఇన్ని నెలలు అతని మీద రాసుకున్నవన్నీ కలిపినా, ఆ ఒక్క మాటంత గట్టిగా దిగలేదు.

మే 13

బుర్హోన్ అకా జీపు వెళ్ళిపోయింది. తొట్టి గోడ మీద నల్ల రంగుతో బారెడు అక్షరాలు రాసి పోయాడు, ఎన్ని నీళ్ళకు ఎంత మందో, పాలిచ్చే మేకల్ని ఎలా చూసుకోవాలో. కింద పేరు పెట్టలేదు.

నేను నా పంపు భుజానికి తగిలించుకుని తూతీ ఖోలా పెరటి తలుపు తోశాను. ఇరవై మూడు మేకలు. ఆవిడ కిటికీ తీసి మట్టిగడ్డ విసిరింది. వీపుకు తగిలింది. రెండోది పంపుకు తగిలింది. ముప్ఫై అడుగుల దూరం నుంచి ఆ వయసులో అంత గురి. నాలుగు మేకలకు కొట్టి వచ్చాను.

మే 15

మట్టిగడ్డలు. ఐదు మేకలు.

మే 17

రుఖ్సోరా స్పృహలోకి వచ్చిందని నర్సు చెప్పింది. నెత్తురు ఆగిందట. నాకు చెప్పలేదు, తూతీ ఖోలాకు చెబుతుంటే గోడ పక్కన నిలబడి విన్నాను. ఆవిడ గట్టిగా ఏడ్చింది. నేను కొట్టంలోకి పోయి నుక్రా మెడ పట్టుకుని కూర్చున్నాను.

ఆ పిల్ల బతికినందుకు హంగోమా తిరిగి రాదు. అయినా పిడుదుల మీద కోపం తగ్గలేదు. తగ్గించుకోను కూడా. దాన్నొక్కదాన్ని ఉంచుకునే హక్కు నాకుంది.

మే 18

కిటికీ తెరుచుకోలేదు. మట్టిగడ్డలు లేవు. ఇరవై మూడింటికీ మందు కొట్టడం అయింది. మందుకు చచ్చినవి రాలిపోయాయి, చెవుల లోతుల్లో గట్టిగా అతుక్కున్నవి మిగిలాయి. వాటిని ఒక్కొక్కటే పట్టకారుతో తీయాలి. రోజుకు మూడు, నాలుగు మేకలకంటే అవడం లేదు.

మే 23

పొద్దున రుఖ్సోరాను తీసుకొచ్చారు. మొగుడి భుజం పట్టుకుని నడిచి వచ్చింది. బుగ్గలు పీక్కుపోయాయి, చేతుల మీద మచ్చలు పసుపుపచ్చగా మారాయి. నేను పెరట్లో నల్లమేక తలను మోకాళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాను. లేచి పోదామనుకున్నాను కానీ మేకను వదిలితే మళ్ళీ పట్టుకోవడం కష్టం.

రుఖ్సోరా వసారాలో ఆగింది.

"ఇన్నాళ్ళూ మేకల్ని ఎవరు చూశారు?"

తూతీ ఖోలా గడ్డంతో నా వైపు చూపించింది, ఏదో చెత్తను చూపించినట్టు. రుఖ్సోరా నన్ను చూసింది. సలాం చెప్పలేదు, నవ్వలేదు. ఆమెకు అంతా చెప్పే ఉంటారు. మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.

నేను పని చేసుకుంటూనే ఉన్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. మెడ మీద చెమట కారుతోంది. కళ్ళు బైర్లు కమ్మి పట్టకారు రెండుసార్లు జారింది.

కిటికీ తెరుచుకుంది. మట్టిగడ్డ వస్తుందని తల వంచుకున్నాను.

"ఆ ఎండలో కూర్చుని చస్తావా, దరిద్రపుదానా? ఆ మల్బరీ చెట్టు నీడలోకి జరుగు. నువ్వు చస్తే నా మేకల్ని ఎవడు చూస్తాడు?"

కిటికీ దభాలున మూసుకుంది.

మేకను లాక్కుని నీడలోకి జరిగాను. ఇంకా ఆరు మేకలున్నాయి.